రెండు నందవరాలు: రాళ్ళ లోపల నీళ్ళు ఎట్లా నడుస్తాయి?

ఫోన్ కొంచెం అడ్డంగా తిప్పుకోండి. ఈరోజు మ్యాపులు, రాళ్ళు చాలా చూపించాలి.

ముందు ఒక పని చేయండి. మ్యాప్స్ ఓపెన్ చేసి 'నందవరం' అని కొట్టండి. కనీసం రెండు వస్తాయి. ఒకటి మాది. కర్నూలు జిల్లా, ఎమ్మిగనూరు పక్కన, తుంగభద్రకు దగ్గర్లో. రెండోది బనగానపల్లె దగ్గర, చౌడేశ్వరమ్మ గుడి ఉండే నందవరం. 2022లో జిల్లాలు విడగొట్టాక అది నంద్యాల జిల్లాలోకి పోయింది. రెండింటికీ మధ్య రోడ్డు మీద వంద కిలోమీటర్లకు పైనే ఉంటుంది. 'నాది నందవరం' అని చెప్తే ఎక్కువమంది 'ఓ, చౌడేశ్వరమ్మ నందవరమా?' అంటారు. కాదండీ, ఆదోని సైడు, ఎమ్మిగనూరు నందవరం అని ప్రతిసారీ చెప్పుకోవాల్సిందే. అలవాటైపోయింది.

పేరు ఒకటే గానీ కింద రాయి పూర్తిగా వేరు. మా నందవరం కింద ఉన్నది గ్రానైట్, నైస్ రకం గట్టి రాయి. దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. భూమి లోపల కరిగి, చల్లబడి, గడ్డకట్టినది. బనగానపల్లె నందవరం కింద ఉన్నవి అవక్షేప శిలలు, అంటే ఒకప్పుడు సముద్రం అడుగున ఇసుక, బురద, సున్నం పొరలు పొరలుగా పేరుకుని రాయిగా మారినవి. కర్నూలు, డోన్ దాటి తూర్పుకు పోయేకొద్దీ మన గ్రానైట్ కిందికి దిగిపోతుంది, దాని మీద ఈ పొరలు పరుపుల్లాగా వచ్చి కూర్చుంటాయి. మొత్తం ఆ పళ్ళేన్ని కడప బేసిన్ అంటారు, దాదాపు 44 వేల చదరపు కిలోమీటర్లు. పైపొరలకు కర్నూలు గ్రూప్ అని పేరు. ఆ పొరల పేర్లు వింటే ఆర్టీసీ బస్సు బోర్డు చదివినట్టు ఉంటుంది: బనగానపల్లె, నార్జి, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. ప్రపంచంలో ఏ మూల జియాలజిస్టు అయినా ఈ రాళ్ళ గురించి రాయాలంటే మన ఊర్ల పేర్లు పలకాల్సిందే. 1872లోనే జియలాజికల్ సర్వే తరఫున విలియం కింగ్ అనే ఆయన ఈ కడప, కర్నూలు రాళ్ళ మీద పెద్ద నివేదిక అచ్చు వేయించినాడు. ఇప్పటికీ మేము దాన్ని తిరగేస్తూనే ఉంటాం.

నా పని ఏందంటే, ఇట్లాంటి అవక్షేప శిలల లోపల ప్రవాహులు ఎట్లా కదులుతాయో చూడడం. స్కూల్ ఫిజిక్స్‌లో 'ప్రవాహులు' అని చదివింటారు కదా, ద్రవాలూ వాయువులూ కలిపి. మంచినీళ్ళు, ఉప్పునీళ్ళు, ముడిచమురు, గ్యాసు, అన్నీ వస్తాయి. పాతికేళ్ళుగా ఇదే పని. మొదట గ్యాసు వైపు, తర్వాత నీళ్ళ వైపు. 'రాయి లోపల నీళ్ళు కదలడం ఏంది మేడం, రాయి అంటే గట్టిగా ఉంటుంది కదా' అని అడుగుతారు పిల్లలు. మంచి ప్రశ్న. అక్కడి నుంచే మొదలు పెడదాం.

తుంగభద్ర ఎండాకాలంలో ఎట్లుంటుందో మా వైపు వాళ్ళకు తెలుసు. పైన చూస్తే ఒట్టి ఇసుక. ఆడోళ్ళు బిందెలు పట్టుకుని పోయి, ఇసుకలో చేత్తో గుంత తీస్తారు. దాన్ని చెలమ అంటాం. కొంచెంసేపు ఆగితే అడుగున నీళ్ళు ఊరతాయి. మొదట వచ్చిన మడ్డి నీళ్ళు చిప్పతో తోడి పారబోస్తే, తర్వాత వచ్చేవి కళ్ళంత తేటగా ఉంటాయి. ఎవరూ సైన్సు చదవకుండానే ఇందులో సగం జలవిజ్ఞానం నేర్చుకున్నారు. మంచి నది ఇసుక ఒక పది లీటర్ల బకెట్ నిండా పోసి, దాంట్లో నీళ్ళు పోసి చూడండి. మూడు లీటర్లకు పైనే పడతాయి. రేణువుకు రేణువుకు మధ్య ఉండే ఆ ఖాళీనే సచ్ఛిద్రత అంటారు, వాడుకలో పోరాసిటీ.

ఇక్కడే అందరూ పొరపడే విషయం ఒకటుంది. ఖాళీ ఎక్కువుంటే నీళ్ళు బాగా నడుస్తాయి అనుకుంటాం. లేదు! మన నల్లరేగడి బంకమట్టి తీసుకోండి. దాంట్లో ఖాళీ ఇసుక కంటే ఎక్కువ, 50 శాతం కూడా ఉండొచ్చు. అయినా దాంట్లో చెలమ తీస్తే మీకు దాహం తీరేది మరుసటి వారమే. ఎందుకంటే ఖాళీలు ఉన్నాయి గానీ మరీ సన్నగా ఉన్నాయి, నీళ్ళు ఆ సందుల్లో అతుక్కుని కూర్చుంటాయి.

ఎమ్మిగనూరు మగ్గం దగ్గరికి పోదాం. పల్చటి తువ్వాలు ఒకటి, మందపు దుప్పటి ఒకటి తీసుకోండి. దుప్పటి నీళ్ళు ఎక్కువ పీలుస్తుంది. కానీ నీళ్ళు వడకట్టాలంటే మీరు దుప్పటి తీసుకోరు, తువ్వాలు తీసుకుంటారు. పట్టుకునే గుణం వేరు, వదిలే గుణం వేరు. ఆ వదిలే గుణానికి పారగమ్యత అని పేరు, ఇంగ్లీషులో పర్మియబిలిటీ. నా కెరీర్ మొత్తం ఈ ఒక్క మాట చుట్టూ తిరిగింది అనుకోండి.

దీన్ని మొదట కొలిచింది జియాలజిస్టు కాదు, ఒక సివిల్ ఇంజనీరు. ఫ్రాన్స్‌లో డిజోన్ అనే ఊరు. అక్కడ హెన్రీ డార్సీ అనే ఆయన ఊరికి మంచినీళ్ళు తెప్పించినాడు, 1840లో, దాదాపు పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊట నుంచి. తర్వాత నీళ్ళు వడకట్టే ఇసుక ఫిల్టర్లు ఎంత పెద్దవి కట్టాలో లెక్క కావాల్సి వచ్చింది. నిలువు గొట్టంలో ఇసుక నింపి, పైనుంచి నీళ్ళు వదిలి, కింద ఎన్ని వచ్చాయో కొలిచినాడు. 1856లో అచ్చయిన ఆ లెక్క ఇంతే: పైకీ కిందికీ నీటిమట్టంలో తేడా పెరిగితే ప్రవాహం పెరుగుతుంది. గొట్టం వెడల్పు పెరిగితే పెరుగుతుంది. ఇసుక మందం పెరిగితే తగ్గుతుంది. ఈ మూడూ పోగా మిగిలిన అంకె ఆ ఇసుక స్వభావం. అంతే. ఈరోజు కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాసు ఎంత వస్తుందో, మీ ఊరి బోరు గంటకు ఎన్ని నీళ్ళు ఇస్తుందో, రెండిటికీ ఆయన లెక్కే. పారగమ్యతకు యూనిట్ కూడా ఆయన పేరే, డార్సీ. నది ఇసుకకు పదుల డార్సీలు ఉంటుంది. గ్యాసు బాగా ఇచ్చే ఇసుకరాయికి డార్సీలో వెయ్యో వంతు లెక్కన వందల్లో చెప్తాం, అంటే మిల్లీడార్సీలు. షేల్ అనే బురదరాయికి ఇంకా కోట్ల వంతులు తక్కువ. సైన్సులో ఇంత పెద్ద రేంజ్ ఉండే కొలతలు చాలా తక్కువ.

నేను ఇందులోకి ఎట్లా వచ్చానంటే, 1995 జనవరిలో కోనసీమలో పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ తవ్వుతున్న గ్యాసు బావి అదుపు తప్పి అంటుకుంది. నేనప్పుడు ఇంటర్‌లో ఉన్నా. పేపర్లో రోజూ ఫోటో వచ్చేది, ఆకాశం ఎత్తున మంట. 65 రోజులు మండింది. మార్చిలో గానీ ఆర్పలేకపోయినారు. చుట్టుపక్కల ఊర్ల వాళ్ళని ఖాళీ చేయించినారు. మా ఫిజిక్స్ సారును అడిగినా: సార్, రాయి లోపల అంత బలం ఎక్కడినుంచి వస్తుంది? ఆయన 'దానికి జియాలజీ చదవాలమ్మా' అన్నారు. తప్పించుకోవడానికి అన్నారేమో గానీ, నేను నిజంగానే చదివినా.

జవాబు ఇప్పుడు చెప్తా. గోదావరి, కృష్ణ కోట్ల ఏళ్ళుగా ఇసుకా బురదా తెచ్చి సముద్రంలో పోస్తున్నాయి. ఒక పొర మీద ఇంకో పొర. పైబరువు పెరిగేకొద్దీ కింది పొర నొక్కుకుపోవాలి, దాంట్లో నీళ్ళు బయటికి పోవాలి. తడి గుడ్డ పిండినట్టు. నిదానంగా పేరుకుంటే నీళ్ళు పోవడానికి టైము దొరుకుతుంది. కానీ బురద త్వరత్వరగా మందంగా పడిందనుకోండి, అది బయటికి దారి ఇవ్వదు. ఇందాక దుప్పటి అన్నాను కదా, అదే. నీళ్ళు లోపలే చిక్కుకుంటాయి. పైన ఉన్న రాళ్ళ బరువులో కొంత ఆ నీళ్ళే మోయాల్సి వస్తుంది. లారీ బరువును టైరులో గాలి మోసినట్టు. ఆ బురద కింద ఇసుక పొరలో గ్యాసు ఉంటే, అదీ అదే ఒత్తిడిలో ఉంటుంది. మీరు పైనుంచి డ్రిల్ చేసుకుంటూ పోయి దానికి చిల్లి పెట్టారు. బావిలో నింపిన బరువైన బురద ద్రవం, అంటే డ్రిల్లింగ్ మడ్, దాని ఒత్తిడి చాలకపోతే గ్యాసు తన్నుకొస్తుంది. కాబట్టి కింద ఒత్తిడి ఎంతుందో ముందే అంచనా వేయడం అనేది మనుషుల ప్రాణాలతో ముడిపడిన లెక్క.

తిరుపతిలో ఎంఎస్సీ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఇలాంటి లెక్కలకు కావాల్సిన కొలతలు తీసేది. ఒక సర్వీసు కంపెనీ కోర్ ల్యాబ్. పేరు వద్దులెండి. రిగ్గు మీదికి పంపండి అని మూడుసార్లు అడిగితే, ఆడపిల్లకు అక్కడ రూము లేదన్నారు. మూడుసార్లూ అదే మాట. సరే, రాళ్ళే నా దగ్గరికి వస్తాయి కదా అని కూర్చున్నా.

ఇదిగో, ఇది చూడండి. (చేతిలో చిన్న రాతి స్తంభం చూపిస్తూ) చాక్‌పీసు కంటే లావు, ఒకటిన్నర అంగుళం. దీన్ని కోర్ ప్లగ్ అంటారు. బావిలో నుంచి తీసిన పొడుగాటి రాతి కడ్డీలో నుంచి ఇట్లాంటి ముక్కలు కోస్తాం. కడిగి, ఆరబెట్టి, రబ్బరు తొడుగులో బిగించి, ఒక చివర నుంచి నైట్రోజన్ వదులుతాం. రెండో చివర ఎంత వచ్చిందో కొలుస్తాం. గుర్తొచ్చిందా? డార్సీ చేసిందే, గొట్టం చిన్నదయింది అంతే. ఈ ముక్క ఇసుకరాయి. నాలుక ఆనిస్తే అతుక్కుంటుంది, ఎందుకంటే ఉమ్మిని లోపలికి పీల్చేస్తుంది. జియాలజిస్టులు రాళ్ళను నాకుతారు అని జోక్ ఉంది, జోక్ కాదది, నిజం.

ల్యాబులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటి చెప్పి ముందుకు పోతా. ఒకే పొర నుంచి, ఒకే లోతు నుంచి కోసిన రెండు ముక్కలు ఉండేవి, ఒకటి అడ్డంగా కోసింది, ఒకటి నిలువుగా. అడ్డం ముక్కలో గ్యాసు సునాయాసంగా పోయేది. నిలువు ముక్కలో పదో వంతు కూడా పోయేది కాదు. ఎందుకంటే మధ్యలో కంటికి కనిపించీ కనిపించని బురద పొరలు, కాగితం మందంవి. నీళ్ళయినా గ్యాసయినా పొర వెంబడి పరిగెత్తుతుంది, పొరకు అడ్డంగా పోవాలంటే మొరాయిస్తుంది. చమురు, గ్యాసు భూమి లోపల నిలిచి ఉండడానికి కారణం ఇదే. అడుగున పుట్టి, తేలిక కాబట్టి పైకి ఎక్కుతూ వచ్చి, ఒక షేల్ పొర కింద తలకాయ కొట్టుకుని ఆగిపోతుంది. ఆగని చోట పైకి కారిపోయి ఎప్పుడో గాలిలో కలిసిపోయింది.

కారిపోతూ మధ్యలో గడ్డకట్టింది కూడా ఉంది. 2006లో జాయిడ్స్ రిజల్యూషన్ అనే డ్రిల్లింగ్ నౌక మన తూర్పు తీరానికి వచ్చింది. కేజీ బేసిన్ లోతు సముద్రంలో, నేల అడుగున బంకమట్టి పగుళ్ళలో మీథేన్ మంచు దొరికింది. గ్యాస్ హైడ్రేట్ అంటారు, చూడ్డానికి మంచు గడ్డ, అగ్గిపుల్ల గీస్తే మండుతుంది. ఒకచోట ఆ పొర మందం దాదాపు 130 మీటర్లు. బంకమట్టి గ్యాసును పోనివ్వదు అన్నాను కదా. మరి ఎట్లా వచ్చింది? పగుళ్ళ గుండా. రాయి ఒప్పుకోకపోయినా పగులు ఒప్పుకుంటుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మా నందవరం కథంతా ఇదే.

మా నాయన మూడు బోర్లు వేయించినాడు. మొదటిది 180 అడుగులు, నీళ్ళు పడినాయి, ఐదేళ్ళు నడిచింది. రెండోది 320, తడి మాత్రమే. మూడోది 450 అడుగులు, ఒట్టి దుమ్ము. మూడిటికీ పాయింటు పెట్టింది కొబ్బరికాయ. అరచేతిలో కాయ నిలబడితే అక్కడ నీళ్ళున్నట్టు. నేను దాన్ని ఎగతాళి చేయను, ఆ రోజుల్లో మా ఊరికి ఇంకో మనిషి ఎవరూ రాలేదు. కానీ అప్పు మాత్రం కాయ తీర్చదు కదా. ఆ ఏడాది మా అమ్మా నాయనా గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి సుగ్గికి పోయినారు. మా వైపు ఊర్లకు ఊర్లే తాళాలు వేసుకుని పోతాయి, ఆదోని, ఎమ్మిగనూరు వాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేం లేదు.

గ్రానైట్‌లో ఏం జరుగుతుందంటే, రాయి లోపల రేణువుల మధ్య ఖాళీ దాదాపు సున్నా. ఒక శాతం ఉంటే గొప్ప. నీళ్ళు ఉండేది రెండే చోట్ల. ఒకటి, పైన మెత్తబడిన భాగం. ఎండకూ వానకూ రాయి పొడిపొడిగా మారిన పొర, చాలాచోట్ల 30 నుంచి 60 అడుగులు ఉంటుంది. పాత దిగుడు బావులన్నీ దాంట్లోనే తవ్వినారు మన పెద్దలు. రెండు, దాని కింద గట్టి రాయిలో పగుళ్ళు. లోతుకు పోయేకొద్దీ పైబరువుకు పగుళ్ళు మూసుకుంటాయి, తగ్గిపోతాయి. అక్కడక్కడ లోతులో పగులు తగలొచ్చు, లాటరీ కూడా తగులుతుంది కదా. ఇంకో సంగతి: ఆ లోతు పగులుకు నీళ్ళు ఎక్కడినుంచి రావాలి? పైన మెత్తటి పొరలోంచే. మీరు పై పొరను ఎండబెట్టి, కింది పగులును నమ్ముకుంటే, ఖాళీ ట్యాంకుకు పెద్ద నల్లా బిగించినట్టే.

ఐదేళ్ళ కింద మా తమ్ముడు ఫోన్ చేసినాడు. 'అక్కా, నువ్వు చదివింది ఇదే కదా, ఒక పాయింటు చెప్పు. ఈసారి వెయ్యి అడుగులు పోదాం. పక్కూర్లో పడినాయంట.' నేను రెసిస్టివిటీ మీటరు తీసుకుని పోయినా. భూమిలోకి కరెంటు పంపి, తడి ఎక్కడుందో పొడి ఎక్కడుందో చూసే యంత్రం అది. రెండు రోజులు చేను మొత్తం నడిచినాం. 70 అడుగుల కింద గట్టి రాయి, ఎక్కడా చెప్పుకోదగ్గ పగులు కనబడలేదు. వేయొద్దురా అన్నా. వాడికి కోపం వచ్చింది. 'ఊర్లందరికీ చెప్తావు, మనకు వచ్చేసరికి వద్దంటావు' అన్నాడు. వాడి చేతిలో అప్పుడు తెచ్చిన అప్పు డబ్బుంది. వేయొద్దు అని చెప్పడం, వేయమని చెప్పడం కన్నా పది రెట్లు కష్టం. వేయమంటే ఒక ఆశ ఇస్తాం. వద్దంటే ఏమిస్తాం? ఆ డబ్బులో కొంత పెట్టి చేను పైగట్టున వాన నీళ్ళు నిలబడేట్టు కుంట తవ్వించి, పాత బావిలో పూడిక తీయించినాం. ఇప్పుడు ఆ బావి కింద ఒకటిన్నర ఎకరా పారుతుంది. నాలుగెకరాలకు చాలదు. వాడు ఇంకా ఏడాదికి రెండు నెలలు బెంగుళూరు పోతూనే ఉన్నాడు. మూడు లక్షల అప్పు మాత్రం నెత్తిన లేదు.

సరే, ఇప్పుడు రెండో నందవరం సైడుకు, సున్నపురాయి దేశానికి పోదాం. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల. ఇక్కడ నీళ్ళ నడక ఇంకో రకం.

వాన చుక్క గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కొంచెం కలుపుకుంటుంది. మట్టిలో దిగేటప్పుడు చెట్ల వేర్ల దగ్గర ఇంకా ఎక్కువ కలుస్తుంది. మీరు తాగే సోడా లాంటిదే, చాలా పలచన. ఆ పలచటి ఆమ్లం సున్నపురాయి పగులులోకి దిగి రాయిని కరిగిస్తుంది. కరిగితే పగులు వెడల్పవుతుంది. వెడల్పయితే ఎక్కువ నీళ్ళు వస్తాయి. ఎక్కువ నీళ్ళు వస్తే ఇంకా కరుగుతుంది. డబ్బున్నోడి దగ్గరికే డబ్బు పోయినట్టు, పెద్ద పగులే ఇంకా పెద్దదవుతుంది, పక్కన చిన్నవి అట్లే ఉండిపోతాయి. లక్షల ఏళ్ళు ఇదే జరిగితే? బెలుం గుహలు! 3,229 మీటర్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాసినాడు, 1982-83లో గెబావర్ అనే జర్మన్ బృందం కొలతలు తీసింది, 2002లో జనానికి తెరిచినారు. రీల్స్ తీసుకోవడానికి పోయుంటారు మీరు. ఈసారి పోయినప్పుడు పాతాళగంగ దాకా దిగండి. అక్కడ సన్నటి ధార వచ్చి రాతిలోకి మాయమైపోతుంది. ఆ గుహ మొత్తాన్ని చేసిన శిల్పి అదే, ఇంకా డ్యూటీలోనే ఉంది.

ఇసుకలో నీళ్ళు రోజుకు కొన్ని అంగుళాలో కొన్ని అడుగులో నడుస్తాయి. బంకమట్టిలో ఏడాదికి అంత కూడా నడవకపోవచ్చు. సున్నపురాయి సొరంగంలో రోజుకు వందల మీటర్లు పోతాయి. నీళ్ళు దొరికితే బాగా దొరుకుతాయి, కానీ ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఇసుక నీళ్ళను వడకడుతుంది. సొరంగం వడకట్టదు. ఒక చివర ఏం పోస్తే రెండో చివర అదే వస్తుంది.

ఆ బెల్టులో ఒక ఊరు, పేరు చెప్పను. ఊరి బయట పాత నాపరాతి క్వారీ గుంత ఉంది. సెప్టిక్ ట్యాంకర్ల వాళ్ళు తెచ్చి అందులో పారబోసేవాళ్ళు. 'మేడం, ఆ గుంత ఎంత పోసినా నిండదు, ఏ ఇబ్బందీ లేదు' అని చెప్పినాడు డ్రైవరు. నాకు గుండె గుభేలుమంది. నిండదు అంటే ఎక్కడికో పోతుంది అని కదా అర్థం! ఊరి స్కూలు బోరు అక్కడికి 600 మీటర్లు. మేము ఫ్లోరోసీన్ అనే రంగు వేసినాం. చిటికెడు వేసినా పచ్చగా మెరుస్తుంది, ఆ మోతాదులో హాని చేయదు. గుంతలో ట్యాంకరు మంచినీళ్ళతో పాటు వదిలి, గంటగంటకూ బోరు నీళ్ళు సీసాల్లో పట్టినాం. మొదటి రోజు ఏమీ లేదు. రెండోరోజు మధ్యాహ్నం సీసా ఎండకు పెట్టి చూస్తే లేత పచ్చ. హెడ్‌మాస్టరు గారు ఆ సీసా వైపు చూసి ఒక్క మాట కూడా మాట్లాడలేదు, పోయి బోరు స్విచ్ ఆపేసినారు. ట్యాంకర్లు ఆగడానికి మాత్రం ఇంకో నాలుగు నెలలు పట్టింది. రిపోర్టు ఎంత మందంగా రాసినా కదలని వాళ్ళు, ఆ సీసా ఫోటో వాట్సాప్‌లో తిరిగాక కదిలినారు. మీ ఫోన్లకు ఆ బలం ఉంది.

మీరు ఇంటి నుంచి కదలకుండా చేసే పని కూడా ఒకటి చెప్తా. మీ ఇంట్లో బేతంచెర్ల బండలో, తాడిపత్రి బండలో ఉంటే కిందికి చూడండి. కొన్ని బండల మీద నల్లగా చెట్టు కొమ్మల్లాగా, ఫెర్న్ ఆకులాగా గీతలుంటాయి. చాలామంది ఇది రాయిలో చిక్కిన ఆకు అనుకుంటారు. ఆకు కాదు. పొరకు పొరకు మధ్య సందులో నీళ్ళు పాకుతూ పోయి వదిలేసిన మాంగనీసు మరక. నీళ్ళు ఏ దారిన పోయినాయో దాని సంతకం. తెల్లటి సన్న గీతలు కనిపిస్తే అవి ఎక్కువగా కాల్సైట్ ఈనెలు, పగుళ్ళలో సున్నం నీళ్ళు నింపిపోయినవి. ఒక మూలన నిమ్మరసం చుక్క వేసి కళ్ళు దగ్గర పెట్టి చూడండి, సున్నపురాయి అయితే సన్నగా నురగ వస్తుంది. మరక పడితే అమ్మ తిట్లకు నాకు సంబంధం లేదు.

ఆ కాల్సైట్ లోపల ఇంకా విచిత్రం ఉంటుంది. స్ఫటికం పెరిగేటప్పుడు ఆనాటి నీటి బొట్టు లోపల చిక్కుకుపోతుంది, మైక్రోస్కోపులో చూస్తే చిన్న బుడగ కదులుతూ కనబడుతుంది. దాన్ని వేడి చేసి, బుడగ మాయమయ్యే ఉష్ణోగ్రత చూసి, ఆ నీళ్ళు అప్పుడు కనీసం ఎంత వేడిగా ఉన్నాయో చెప్పొచ్చు. చల్లబరిచి ఎంత ఉప్పగా ఉన్నాయో చెప్పొచ్చు. కోట్ల ఏళ్ళ కిందటి నీళ్ళు, ఒక చుక్కలో వందో వంతు కూడా కాదు. నేను మొదటిసారి అది చూసినరోజు హాస్టల్‌లో అన్నం తినడం మర్చిపోయినా.

ఈ లైన్లోకి రావాలనుకునే వాళ్ళు తప్పకుండా అడుగుతారు కాబట్టి గబగబా చెప్తా. డిగ్రీలో జియాలజీ ఉండాలి, లేదా ఐఐటీ జామ్ చూసుకోండి. పీజీకి ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతి ఎస్వీ, హైదరాబాదు ఉస్మానియా, కడప యోగి వేమన ఉన్నాయి. తర్వాత యూపీఎస్సీ వాళ్ళ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాస్తే జియలాజికల్ సర్వే, కేంద్ర భూగర్భ జల మండలి. పరిశోధన అంటే హైదరాబాదులో ఎన్‌జీఆర్ఐ, 1961 నుంచి ఉంది. లెక్కలంటే భయం ఉన్నవాళ్ళు డార్సీ లెక్క దగ్గరే ఇబ్బంది పడతారు, ముందే అది సరిచేసుకోండి. ఎండలో నడవడం అంటే భయం ఉంటే ఇంకా ఇబ్బంది. అమ్మాయిలు ఇప్పుడు రిగ్గుల మీదికి కూడా పోతున్నారు, మా ల్యాబు పిల్ల ఒకతి పోయినేడాది పోయి అక్కడి నుంచి నాకు హెల్మెట్ సెల్ఫీ పంపింది. దాన్ని చూసి ఎంతసేపు నవ్వుకున్నానో.

మీ ఊరి బోరు లోతు, నీళ్ళు ఎన్ని అడుగులకు తగిలినాయి, కేసింగ్ ఎంతవరకు దింపినారు, ఈ మూడూ రాసి పెట్టుకోండి. బండి పోయాక రిగ్గు వాళ్ళకు గుర్తుండదు, మీ నాయనకు బిల్లు తప్ప ఇంకేమీ గుర్తుండదు. తవ్వేటప్పుడు బయటికొచ్చే రాతిపొడి పది అడుగులకు ఒకసారి గుప్పెడు తీసి, కవరులో వేసి, లోతు రాసి ఫోటో తీయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ పొడి చూసి కింద ఏ రాయి ఉందో ఎట్లా గుర్తుపట్టాలో, మా చేన్లోదే ఒక సెట్టు పెట్టుకుని చూపిస్తా. ఉంటానండి.